హాబీ గడిలో ఏం రాయాలి?

పదో తరగతి పిల్లల వివరాలు నింపే రోజు అది. పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, కులం అన్నీ రాసేశాక ఫారంలో ఒక గడి మిగిలింది. హాబీలు. మా యానాది కాలనీ నుంచి వచ్చే పిల్లవాడు పెన్ను పట్టుకొని ఆ గడి దగ్గరే ఆగిపోయాడు. "అయ్యోరా, హాబీ అంటే ఏంది రాయాల?" అన్నాడు. తీరిక వేళ సరదాగా చేసుకునేది అని చెప్పాం. "అయితే చేపలు పట్టేది రాయొచ్చా?" అన్నాడు. పక్కనున్న పిల్ల నవ్వేసి, "అది మీ నాయన పనిరా, హాబీ కాదు" అంది.

ఇద్దరిలో ఎవరిది తప్పో మాకు వెంటనే తేలలేదు. నెల్లూరు నుంచి కారులో మైపాడు సముద్రానికి గాలం పట్టుకొని వచ్చే పెద్దమనిషికి చేపలు పట్టడం హాబీయే. బకింగ్‌హాం కాలువలో నడుము లోతు నీళ్లలో దిగి, బురదలో చేత్తో తడివి పీతను పట్టే మా వాళ్లకి అది కూడు. చేసే పని దాదాపు ఒకటే. ఆ పూట ఏమీ దొరక్కపోతే ఒకరు నవ్వుకుంటూ ఇంటికి పోతారు, ఇంకొకరు పస్తుంటారు. తేడా అక్కడుంది.

టీచర్ ట్రైనింగులో ఫ్రోబెల్ మీద పది మార్కుల జవాబు రాసి వచ్చినవాళ్లం మేము. పిల్లల ఎదుగుదలకి ఆట ఎంత ముఖ్యమో ఆయన చెప్పిందంతా కంఠతా పట్టాం. మా పిల్లలకి ఆట అనేది ఏ గంటలో దొరుకుతుందని మాత్రం ఆ పరీక్షలో ఎవరూ అడగలేదు.

మేము ముగ్గురం టీచర్లం, ముగ్గురమూ యానాదులమే. కొన్నేళ్లుగా సాయంత్రాలు సవక తోపు పక్కన ఇసుకలో యుద్ధవిద్యలు ఆడుకుంటున్నాం. నేర్పుతున్నాం అనడం కంటే ఆడుకుంటున్నాం అనడమే సరైన మాట. మాలో ఒకరు ట్రైనింగు చదివే రోజుల్లో టౌనులో కరాటే నేర్చుకున్నారు. ఇంకొకరికి హాస్టల్లో ఉన్నప్పుడు జూడో అబ్బింది. మూడో వారు చిన్నప్పుడు పీర్ల పండక్కీ గంగమ్మ జాతరకీ కర్ర తిప్పే ఒక ముసలాయన వెంట తిరిగి కర్రసాము పట్టుకున్నారు. తర్వాత ఒక కుర్రాడు వచ్చి టైక్వాండో కాళ్ల దెబ్బలు చూపించాడు. అందరం అన్నీ కొంచెం కొంచెం చేస్తాం. మా అందరికీ కలిపి నల్ల బెల్టు ఒక్కటే ఉంది, అదీ ఉప్పుగాలికి వెలిసిపోయింది. శ్రీహరికోటలో రాకెట్ లేచే సాయంత్రమైతే ఎవరి కాలు గాలిలో ఉన్నా సరే, ఆపేసి దక్షిణం వైపు తిరిగి నిలబడతాం.

ఇన్నేళ్లలో మమ్మల్ని రకరకాల మనుషులు ఒకే ప్రశ్న అడిగారు. మీకెందుకు ఇవి? అందరికంటే బాగా అడిగినాయన మా కాలనీలోనే ఉన్నాడు. మా అందరికీ తాత వరస. మొదటి వారంలోనే వచ్చి చెట్టు కింద కూర్చొని ఆట అయిపోయేదాకా చూశాడు. తర్వాత మమ్మల్ని పిలిచి, "పిలకాయలకి కొట్టేది నేర్పిస్తా ఉండారు. రేపు ఊళ్లో యాడన్నా కొట్లాట జరిగితే మొదట ఎవురి పేరు రాస్తారో ఆలోచించినారా? మనం కొట్టకపోయినా రాసినోళ్లే గదా" అన్నాడు.

తాత మాటలోని భయం ఊరికే పుట్టింది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. నెల్లూరు సీమ యానాదుల్నీ ఆ జాబితాలోకి ఎక్కించారు. మనిషి ఏం చేశాడన్నది అక్కర్లేదు, ఎవరికి పుట్టాడన్నది చాలు. వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచిన వేళకి హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అడిగి దాటాలి. వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివాళ్లు మన పెద్దలతో కలిసి ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. తాతకి అప్పటికి ఊహ తెలియదు. అయినా హాజరుకి పోయొచ్చిన తండ్రి ఒళ్లో పెరిగినవాడు గనక ఆ భయం ఆయనకి చట్టం లేకుండానే అందింది.

విచిత్రం ఏమిటంటే, దొంగలని పేరు పెట్టిన జాతికే సాధువులని కూడా పేరు పెట్టారు. యానాదోళ్లు నోరెత్తరు, ఏం చెప్పినా చేస్తారు అనేది ఈ తీరంలో ఇప్పటికీ మెప్పుగా అనే మాట. కాపలాకి మనల్నే పెట్టుకున్నారు, వస్తువు పోతే మనల్నే కట్టేశారు. రెండు పేర్లలోనూ మన ఒళ్లు ఇంకొకరి లెక్కలోనే ఉంది. రొయ్యల గుంట కట్ట మీద రాత్రంతా తిరిగే ఒళ్లు, గూడూరు వైపు నిమ్మతోటల్లో ముళ్లు గీరుకున్న ఒళ్లు, బాతుల మందల వెంట నెలల తరబడి ఇల్లు విడిచి తిరిగే ఒళ్లు, స్టేషను పుస్తకంలో వేలిముద్రగా మిగిలిన ఒళ్లు. ఎవరూ కూలి ఇవ్వకుండా, ఎవరూ పుస్తకంలో రాసుకోకుండా, మన ఒంటిని మనమే ఇష్టం కొద్దీ అలిసిపోనివ్వడం అనేది మన జాతికి కొత్త. సాయంత్రం ఒక గంట ఇసుకలో మేము చేసేది అదే. దీన్ని విలాసమనే వాళ్లున్నారు. ఉన్నవాడికి విలాసమైతే అయి ఉండవచ్చు.

మొదటి రోజుల్లో మాకు ఎదురైన ఇబ్బంది మేము అనుకున్నది కాదు. కాళ్లు లేస్తాయో లేదో అనుకున్నాం, ఇట్టే లేచాయి. చెరువు గట్ల మీద పెరిగిన పిల్లలకి తూకం నేర్పాల్సిన పని లేదు. కరాటే గుద్దులో బలం చెయ్యిది కాదు, నడుము తిప్పడంలో వస్తుంది. టౌను పిల్లలకి ఇది పట్టుబడడానికి నెలలు పడుతుంది. మేము "విసురు వల ఎట్లా విసురుతావో గుర్తు తెచ్చుకో" అన్నాం, అంతే. వల గుండ్రంగా విచ్చుకోవాలంటే నడుము ఎలా తిరగాలో వాళ్లకి ఏడేళ్లప్పుడే తెలుసు. రానిది కేక. గుద్దుతో పాటు పొట్టలోంచి ఒక అరుపు రావాలి. పాతిక మంది వరసగా నిలబడి గుద్దుతుంటే సముద్రం హోరు తప్ప ఏమీ వినపడలేదు. అరవండమ్మా అంటే తల దించుకొని నవ్వారు. ఆడపిల్లలైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పాతిక మంది గొంతులు పైకి రావడానికి మూడు వారాలు పట్టింది. మొదట అరిచింది ఎనిమిదో తరగతి పిల్ల. అరిచి, తన గొంతుకి తానే బెదిరి, వెనక్కి తిరిగి చూసింది ఎవరన్నా తిడతారేమోనని.

ఈ విద్యలు ఎక్కడివో తెలుసుకుంటూ పోతే మాకు ధైర్యం వచ్చింది. మొదట మేమూ కరాటే అంటే బ్రూస్ లీ సినిమా అనుకున్నవాళ్లమే. నిజానికి బ్రూస్ లీది కరాటే కాదు, ఆయన పునాది చైనా విద్య. కరాటే పుట్టింది ఒకినావా దీవుల్లో. ఆ దీవులకి ఒకప్పుడు సొంత రాజు, సొంత భాష ఉండేవి. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని కలిపేసుకుంది. తర్వాతి కాలంలో అక్కడి బడుల్లో పిల్లవాడు ఇంటి భాష మాట్లాడితే మెడలో చెక్క పలక వేసి నిలబెట్టేవారు. ఇంటి భాష పలికినందుకు బడిలో వెక్కిరింపు పడిన కోయ పిల్లలకి, సవర పిల్లలకి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ దీవుల నుంచి 1922లో టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించిన గిచిన్ ఫునాకోషి ఎవరనుకున్నారు? బడిపంతులు. ముందుగా చెయ్యి ఎత్తడం కరాటే కాదని ఆయన శిష్యులకి నియమం పెట్టాడు. జూడోని 1882లో మొదలుపెట్టిన జిగోరో కానో కూడా ఉపాధ్యాయుడే. ఒక గుడిలో పన్నెండు చాపల గదిలో తొమ్మిదిమంది శిష్యులతో ఆరంభించి, తర్వాత చాలా ఏళ్లు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకి ప్రధానాచార్యుడిగా ఉన్నాడు. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా సర్కసు కంటే ముందు విజయనగరంలో వ్యాయామం నేర్పిన అయ్యవారే. ఈ సంగతులు టీచర్ల కోసం కాస్త ఎక్కువగా చెబుతున్నాం, మన్నించండి. డ్రిల్లు పీరియడ్డుని లెక్కల పీరియడ్డుగా మార్చేసే ముందు ఒక్కసారి గుర్తొస్తే చాలు.

బ్రెజిల్ దేశంలో కపోయిరా అని ఒకటుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు నిలబెట్టిన విద్య. చూస్తే నాట్యంలా ఉంటుంది. చుట్టూ జనం వలయంగా నిలబడి పాడుతుంటే మధ్యలో ఇద్దరు తిరుగుతూ కాళ్లు విసురుతారు. 1890లో ఆ దేశపు శిక్షాస్మృతి దాన్ని నేరమంది. నేరస్థ తెగల చట్టం పాఠం చెప్పిన రోజే ఈ సంగతీ చెబితే ఒక పిల్లవాడు, "అంటే సార్, వాళ్లు ఆడుకుంటే నేరమా?" అన్నాడు. అవునన్నాం. 1932లో మెస్త్రె బింబా అనే ఆయన బడి తెరిచి దాన్ని వెలుగులోకి తెచ్చాడు. 2014లో యునెస్కో ఆ వలయాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

ఇక్కడ ఏకలవ్యుడి సంగతి రాకుండా ఉండదు. ఆయన పేరుతో ఇప్పుడు మన పిల్లలకి గురుకులాలే ఉన్నాయి. బొటనవేలు గురించి ఎంతోమంది రాశారు, మేము మళ్లీ రాయం. మమ్మల్ని ఆపేది ఆ కుక్క. మొరుగుతున్న కుక్క నోట్లో గాయం కాకుండా బాణాలు నింపాడని కదా మన ఊళ్లలో చెప్పే కథ. అంటే రాజకుమారులు అడవిలో చూసింది ఒక హత్య కాదు, ఒక ఒడుపు. ఒక జీవిని నొప్పించకుండా ఆపగల చేతిని చూసి వాళ్లు బెదిరారు. విలుకాడి కోపానికి కాదు, నేర్పుకి వేలు తీసుకున్నారు. పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు త్యాగం అనే మాట దగ్గర ఆగకుండా కుక్క దాకా వెళ్లమని తోటి టీచర్లని కోరుతున్నాం.

అయితే మేమూ ఒక తప్పు చేశాం. ఆడపిల్లల్ని మైదానానికి పంపమని తల్లుల్ని అడగడానికి, ఊరి పెద్దల్ని ఒప్పించడానికి మొదట్లో ఆత్మరక్షణ అనే మాట వాడాం. ఆ మాటకి తలుపులు తెరుచుకుంటాయి. సమగ్ర శిక్షలో రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆడపిల్లలకి మూడు నెలల శిక్షణ ఉంది, అది మంచిదే. కానీ మా మాట విన్న పిల్లలు దాన్ని ఇంకోలా తీసుకున్నారు. ఇది నేర్చుకుంటే మనల్ని ఎవరూ కొట్టలేరు అనుకున్నారు. మేమూ కాదనలేదు.

పదిహేడేళ్ల కుర్రాడు ఒకడు రెండేళ్లు మాతో ఆడాడు. మా అందరికంటే చురుకు. వాళ్ల నాయన ఒక రొయ్యల గుంట దగ్గర అడ్వాన్సు తీసుకొని కాపలా ఉండేవాడు. ఒక తెల్లవారుజామున మోటరు ఆగిపోయిందని గుంట ఆసామి మనిషి వచ్చి ఆ నాయన్ని చెంప మీద కొట్టాడు. కొడుకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆ రాత్రి మా ఇంటి అరుగు మీద కూర్చొని, "అయ్యోరా, వాడి చెయ్యి లేచేటప్పుడే నాకు కనబడింది. ఆపగలను. కొట్టగలను గూడా. ఏమీ చెయ్యలా. నేను పిరికోడినా?" అని అడిగాడు.

మా దగ్గర జవాబు లేదు. చేతనైనవాడు ఆగితేనే అది నిగ్రహం, చేతకానివాడు ఆగితే అది లొంగుబాటు అని ఒక మాట మా నోటి దాకా వచ్చింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వాడు ఆగింది నిగ్రహంతోనా? మేము మెల్లగా అడిగితే నిజం చెప్పాడు. కేసు గుర్తొచ్చిందట. నాయన తీసుకున్న అడ్వాన్సు గుర్తొచ్చిందట. అది కాపలా తాత చెప్పిన భయమే, కొత్త ఒంట్లోకి వచ్చింది. రెండేళ్ల కరాటే ఆ భయాన్ని తీసెయ్యలేదు. ఎలా తీసేస్తుంది? వాడి ముందు నిలబడింది ఒక మనిషి చెయ్యి అయితే ఆపేవాడు. చెయ్యి వెనక అప్పు ఉంది, గుంట ఉంది, పలుకుబడి ఉంది. అప్పుని తన్ని పడగొట్టే కాలి దెబ్బ ఏ దేశపు విద్యలోనూ లేదు. దానికి 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కావాలి, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కావాలి, అర్జీ రాయగల చెయ్యి, దాని వెంట నడిచే పదిమంది కావాలి. ఆ కుర్రాడి నాయన చేత మేము అర్జీ రాయించాం. తిరిగాం. నెలలు పట్టింది. అడ్వాన్సు లెక్క తెగింది, ఆయన ఆ గుంట విడిచి బయటికి వచ్చాడు. చెంపదెబ్బ లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు.

అప్పటి నుంచి ఆత్మరక్షణ అనే మాట మేము చాలా తక్కువగా వాడుతున్నాం. ఆ మాట పిల్లవాడి భుజం మీద మోయలేని బరువు పెడుతుంది. రేపు వాడు దెబ్బ తింటే తప్పు వాడిదే అవుతుంది, నేర్చుకొని కూడా కాపాడుకోలేదని. కొట్టినవాడు పక్కకి పోతాడు. ఆట అని పిలిస్తే ఆ బరువు ఉండదు. మా మిత్రుడొకరు, గిరిజన సంఘంలో తిరిగేవాడు, దీనికి ఒప్పుకోలేదు. "వెట్టిలో మనుషులుండగా మీకు సరదాలేంటి, ఆ గంట కూడా మీటింగు పెట్టండి" అన్నాడు. ఆయన మాటలో సగం మేము తీసుకున్నాం. ఆదివారం ఆట అయ్యాక కూర్చొని ఆధార్, కుల ధృవీకరణ కాగితాలు లేనివాళ్ల లెక్క చూస్తున్నాం. మిగతా సగం తీసుకోలేదు. ఆకలి తీరాకే నవ్వాలంటే మన వాళ్లు ఇన్ని తరాలు పాటలే కట్టేవాళ్లు కాదు.

ఒక విద్యే పట్టుకొని లోతుకి పోకుండా నాలుగు ఎందుకు అని టౌను మాస్టర్లు అడుగుతారు. లోతుకి పోయేవాళ్లంటే మాకు గౌరవమే. కానీ మా శైలే అసలైనది, మిగతావి ఉత్తుత్తివి అనే మాట వాళ్ల నోట విన్నప్పుడల్లా ఎక్కడో విన్న మాటలా తోస్తుంది. ఆ మాట పుట్టుక పేరుతో చెబితే దాన్ని ఏమంటారో మనకి తెలుసు. బెల్టు పరీక్షకి ఫీజు కట్టలేక మధ్యలో మానేసిన పిల్లలు మాకు ఎదురుగానే ఉన్నారు. ఇంకో సంగతి. కరాటేలో గట్టివాడైన కుర్రాడు జూడోకి రాగానే ఇసుకలో బొక్కబోర్లా పడతాడు, వాణ్ణి పడేసేది కరాటేలో వెనక వరసలో నిలబడే పిల్ల. మర్నాడు కర్ర చేతికొస్తే ఇద్దరి వేళ్లూ వాస్తాయి, అంతవరకూ ఏదీ రాదనుకున్న మూడోవాడు నవ్వుతాడు. అందరికీ వంతులవారీగా కిందపడడం తెలుస్తుంది. జూడోలో మొదట నేర్పేదే పడడం. దెబ్బ తగలకుండా పడి, చేత్తో నేలని చరిచి లేవడం. కానో దీనితో పాటు ఇంకో ఆలోచన పెట్టాడు. నీతో తలపడేవాడు లేకపోతే నీకు విద్యే రాదు గనక, వాడి మేలు కూడా నీ మేలే అని. పడేసినవాడే చెయ్యి అందించి లేపుతాడు. మైదానం బయట మన వాళ్లని పడేసినవాళ్లెవరూ చెయ్యి అందించడం మేము చూడలేదు. అందుకే పిల్లలు అదొక వింతగా చూస్తారు, మళ్లీ మళ్లీ చేస్తారు.

2020 చివర్లో కేంద్రం ఖేలో ఇండియా యువజన క్రీడల్లో కలరిపయట్టు, గట్కా, థాంగ్-టా, మల్లఖంబాలకి చోటిచ్చింది. కేరళ, పంజాబ్, మణిపూర్ వాళ్ల ఊరి విద్యలు మైదానం ఎక్కాయి. మన కర్రసాముకి ఇంకా వంతు రాలేదు. కర్ర తిప్పే ముసలాయన పోయారు. ఆయన అడుగుల్లో మాకు గుర్తున్నవి పదకొండు. వాటికి ఆయన పెట్టిన పేర్లు మాలో ఒకరు నోటుబుక్కులో రాసి ఉంచారు. మీ ఊళ్లలో ఎవరికన్నా ఇంకా తెలిస్తే రాసుకోండి, ఫోనులో తీసి పెట్టుకోండి.

ఆ కుర్రాడు చెంపదెబ్బ తర్వాత పది రోజులు రాలేదు. పదకొండో రోజు వచ్చి, కరాటే వరసలో నిలబడకుండా కర్ర అడిగాడు. కోపం తీర్చుకోవడానికేమో అని మేము కాస్త జంకాం. ఇచ్చాం. చీకటి పడే దాకా ఒక్కడే తిప్పుకున్నాడు. ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు, సెలవులకి వస్తాడు. వాళ్ల నాయన ఈ మధ్య సాయంత్రాలు వచ్చి తాత పక్కన కూర్చుంటున్నాడు.

హాబీ గడి ముందు ఆగిపోయిన పిల్లవాడు చివరికి ఏం రాశాడో చెప్పలేదు కదా. మూడు మాటలు రాశాడు. చేపలు, కర్రసాము, జూడో. పక్కపిల్ల తొంగి చూసి "మళ్లీ చేపలేందిరా?" అంది. "ఆదివారం నేను మా నాయనతో పోయేది ఊరికేనే, దొరికితే దొరకతాయి" అన్నాడు వాడు. మేము ఫారం తీసుకొని సంతకం పెట్టాం.